చుట్టరికం

డాల్ఫిన్ నోస్ మీద మబ్బు దిగిన పూట
వాసుపల్లి మసేను నా టైపు మిషన్ ముందు కూర్చున్నాడు.
"నాకేటైనా అయితే పిల్లలు కొట్టుకోకూడదు, రాసీ బాబూ."

బోటు పెద్దమ్మాయి నూకాలుకి.
జాలరిపేట గది, దాని మీది రేకులూ చిన్నోడికి.
సొసైటీ అప్పు ఇద్దరికీ.
"వేటలో ఒక పాలు పారమ్మకి."

ఏమవుతుంది నీకు? చుట్టరికం రాయాలి కదా.
చాలాసేపు రిబ్బను వైపే చూశాడు.
"గాలిపూట డ్రైవరు రానన్నాడు.
దాని మొగుణ్ణి నేనే పంపేను.
బాకీ అని రాసీ."

రిజిస్ట్రారాఫీసులో
తాళ్లు అరగదీసిన ఆ వేలిని
యంత్రం మూడుసార్లు వద్దంది.
నాలుగోసారి లుంగీకి తుడిచి నొక్కాడు.

నా ఫీజులో వంద తక్కువిచ్చి
"ఎల్లుండి, వేట తగిలితే" అన్నాడు.
అదెక్కడా రాసుకోలేదు నేను.