తలకింత

కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ వెనకగది.
లెక్కల పుస్తకం మూసేసరికి రాత్రి తొమ్మిదిన్నర.
సవలాపు డాట్ ఇన్.
ఏడాదికి ఆరొందల చిల్లరిచ్చి
పుట్టింటి పేరు కొనుక్కున్నాను.
ఇక ఉత్తరాలు దిగడానికి చోటు కావాలి.

మొదటివాడు ఉచితమన్నాడు.
కవరు ఆవిరికి పట్టి, విప్పి, చదివి,
మళ్లీ బంక రాసి అంటించే పోస్టుమేను
ఉచితంగానే తిరుగుతాడు మరి.
రెండోవాడి షరతులు పదిహేడు పేజీలు,
తొమ్మిదో పేజీలో నిద్రపోయాను.
మూడోవాడు మర్యాదస్తుడు, రూపాయల్లో అడిగాడు:
పెట్టెకి నెలకి తొంభై.
తలకింత.

తలకింత అన్నాక తలలు లెక్కపెట్టాలి కదా.
తమ్ముడు గోవర్ధన్ ఫోన్లోనే వేళ్లు మడిచాడు.
తను, నాన్న, చిన్నాన్న కొడుకులిద్దరు.
"నువ్వెలాగూ కొన్నావు కాబట్టి నువ్వూ. ఐదు చాల్లే."
మరి అత్తలు?
"వాళ్ల ఇంటిపేర్లు వేరు కదే."
నాదీ వేరే, పన్నెండేళ్లుగా, అన్నాను.
వాడు క్రికెట్ మాటెత్తాడు.

నీలవేణత్త రైలుగేటు అవతలే ఉంటుంది.
జీడిగింజలు కొట్టీ కొట్టీ
నూనె తినేసిన వేళ్లు.
ఫోను ఆమె బొటనవేలిని గుర్తుపట్టదు,
రేషన్ మిషనూ అంతే.
సవలాపు నీలవేణి అని ఆఖరుసారి ఎక్కడ రాశారత్తా అంటే
"శుభలేకలోన" అంది.
తర్వాత,
"ఏటే, ఆ ఉత్తరాలు ఎక్కడుంటాయి?"
జర్మనీలో ఒక గిడ్డంగిలో.
"అక్కడ తుపానొస్తాదా?"
రాదన్నాను, తెలీకపోయినా.
తిత్లీ రాత్రి రేకులతోపాటు పోయిన ట్రంకుపెట్టెలో
ఏముండేవో ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

అర్ధరాత్రికి నాలుగోవాడు దొరికాడు.
ఎవరూ వినని కంపెనీ, పిట్టంత బొమ్మ.
తలలు లెక్కపెట్టడు, చోటు కొలిచి అమ్ముతాడు.
పది జీబీ. ఎందరు సర్దుకుంటారో మీ ఇష్టం.
పేరు తప్పు రాసినా ఉత్తరం పారేయడు,
వసారాలో పెట్టి పోతాడు.
ఒకటే ఇబ్బంది.
మెయిలు పనిచేయకపోతే మెయిలు రాయాలట.
నవ్వొచ్చింది. డబ్బు కట్టేశాను.

ఎమ్మెక్స్ రికార్డు మార్చాక
రెండ్రోజులు పట్టొచ్చంది తెర.
పట్టనీ.
పాస్‌వర్డ్ నాకు చెప్పొద్దత్తా అన్నాను.
చెప్పీసింది.

మూడోనాడు, బాయిలర్ వెలిగించకముందే,
వసారాలో ఒక ఉత్తరం.
విషయం దగ్గర ఖాళీ.
నా పేరులో ఓ అక్షరం ఎక్కువ.
లోపల ఒక్కటే మాట: అందిందా

జవాబు కొట్టబోయి, చెప్పులేసుకున్నాను.
గేటు పడి ఉంది. గూడ్సు.
పెట్టెలు లెక్కపెడుతూ నిలబడ్డాను,
ముప్పైయ్యో ముప్పైరెండో,
అవతల ఎవరో చెయ్యూపుతుంటే
లెక్క తప్పిపోయింది.