శనివారం బ్యాటరీ

మా లోయకి కరెంటు రాలేదింకా.
కొండకి అవతల గనికి వచ్చింది, మాకు రాలేదు.
శనివారం పొద్దు వాలగానే నాన్న
ట్రక్కు బానెట్టెత్తి, బ్యాటరీ ఊడదీసి,
పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులా లోపలికి తెచ్చేవాడు.
యాసిడ్ పడి అమ్మ దుప్పటికి చిల్లులు. ఆ గొడవ వేరే.

తీగలు తగిలించగానే రేడియోలో ముందు గురక,
తర్వాత ఎక్కడో వాన,
ఆ వానలోంచి ఫిడేలు.

ఆ రాత్రి వసారా నిండా జనం.
స్లోన్ల ముసలమ్మ తన కుర్చీ తనే మోసుకొచ్చింది.
కంపెనీ కొట్లో చిక్కుడు గింజలు తూచే ఐలీన్ ప్రాఫిట్
అరువు చెప్పులేసుకుని నాక్స్‌విల్ బస్సెక్కింది మరి.
పక్కన మొగుడో అన్నో లేకుండా
ఆడమనిషి ఒక్కతే మైకు ముందు నిలబడటం
మేమెవరం వినలేదు.

మొదటి చరణంలో జీతం కవరు,
సారాకొట్టు దాకా దాని నడక.
మగాళ్లు నవ్వారు.
రెండోదాంట్లో చల్లారిన మొక్కజొన్న రొట్టె.
నవ్వు సన్నబడింది.
స్టీల్ గిటారు ఒక స్వరం మీంచి జారి
ఇంకోటి అందుకోబోతుంటే
మూడో చరణానికి ఆమె ఊపిరి తీసుకోవడం విన్నాం.

అంతే.

నాన్న రేడియో నెత్తిన ఒకటిచ్చాడు.
"చచ్చింది పాడు బ్యాటరీ" అన్నాడు,
డెల్మర్ మళ్లీ తగిలిస్తానంటే తీగలు లాగేశాడు.
ఆ గొంతులో కాస్త నిశ్చింత ఉందేమో,
నాకప్పుడు తొమ్మిదేళ్లు, చెప్పలేను.
లాంతర్లు ఒక్కోటే వాగు దాటిపోయాయి.

ఆదివారం చర్చికి నడకేననుకుని
పాత బూట్లు తొడుక్కున్నాం.
ఎందుకైనా మంచిదని నాన్న తాళం తిప్పాడు.
ఒక్క తిప్పుకే ట్రక్కు
కోడిపుంజులా అరిచింది.

ఎవరం మాట్లాడలేదు.
పాట ఆగింది మా ఇంట్లో కాదన్నమాట.
అమ్మ ముందు సీట్లో టోపీ సరిచేసుకుంటూ
బానెట్టు వైపు చాలాసేపు చూసింది.

సోమవారం నన్ను వెంటేసుకుని కొట్టుకెళ్లింది.
ఇంట్లో బస్తాడు గింజలుండగా
ఇంకో రెండు పౌన్లడిగింది.
ఐలీన్ కళ్ల కింద బస్సులో పోయిన నిద్ర.
చెప్పులు కౌంటరు కింద, కాగితంలో చుట్టి.
"తర్వాతేముంది?" అంది అమ్మ.
మేనేజరు నిచ్చెనెక్కి డబ్బాలు లెక్కపెడుతున్నాడు.
ఐలీన్ తక్కెట్లో గింజలు పోస్తూ
ఆ చప్పుడు చాటున పాడింది.
నాకు వినపడింది సగమే,
మిగతా సగం గింజలు.

ముల్లు రెండు దాటింది, మూడు దాటింది.
చాలని అనలేదు అమ్మ.