ఉత్తగ

డీజిల్ షెడ్డు సైరన్ మోగినంక
మా క్వార్టర్ గడప ముందర
రెండు జతల చెప్పులు.
దేవుడు ఒక్కడే.
ఆయన దగ్గరికి పోయే తొవ్వ మీదనే
కొట్లాట.

మా బాపు కృపాదానం
ఆరు దినాలు కాజీపేట పార్సిల్ ఆఫీసుల గుమస్తా,
ఏడో దినం హన్మకొండ బాప్టిస్టు చర్చిల ప్రసంగి.
లూర్దయ్య కాకది ఫాతిమానగర్ గుడి.
ఆయన గోర్ల సందుల గ్రీజు
ఏ పండుగకూ పోకపోయేది.

"నమ్మితే చాలు బావా,
ఉత్తగ ఇస్తడు రక్షణ.
మనం కట్టేదేముంది?" అని బాపు.
"ఉత్త నమ్మకం
డీజిల్ పొయ్యని ఇంజన్ బావా,
పెయింటు మంచిగుంటది
అంగుళం కదలది" అని కాక.
"మరి నువ్వు భుజం పెట్టి తోస్తే
పరలోకం దాక పోతదా?"
"అపొస్తలులకే తెగలే, మీకు తెగుతదా"
అనుకుంట అమ్మ చాయ గిన్నె దించేది.

ఇరవై రెండేండ్లు.
ఎండకాలం నీళ్ల ట్యాంకర్ కాడ
బిందెలు లైన్ల పెట్టి గూడ అదే పంచాది.
ఒకపారి మాట మీద మాట లేసి
నాలుగు నెలలు పలుకరించుకోలే.
ఆ నాలుగు నెలలు
ప్రసంగాల్ల ఉప్పు తక్కువైందని
సంఘపోళ్లే అన్నరు.

తర్వాత ఒక ఫిబ్రవరిల
బాపుకు కుడిదిక్కు పడిపోయింది.
చెయ్యి, కాలు, నోట్లె సగం మాట.
ఎంజీఎంల పదకొండు దినాలుంచి
ఇంటికి తోలిచ్చిండ్రు.
నమ్మకం ఎక్కడికీ పోలే,
నిండుగనే ఉండె.
గ్లాసు ఎత్తనీకె వేళ్లే లేకపాయె.

లూర్దయ్య కాక డ్యూటీ దిగి వచ్చిండు.
మంచిచెడు ఏమడగలే.
అంగీ ఇప్పి మంచం పట్టె మీద ఏసి
బాపును పసిపోరని లెక్క ఎత్తుకపోయి
ప్లాస్టిక్ కుర్చీల కూసోబెట్టి
నీళ్లు మోచేతి మీద పోసి చూసుకొని
వీపు రుద్దిండు, చంకలు కడిగిండు,
కడుగరాని కాడ
కండ్లు పక్కకు తిప్పి కడిగిండు.
తెచ్చి పండబెట్టి, తువ్వాల పిండి ఆరేసి,
అంగీ తొడుక్కొని,
మెత్త సదిరి పోయిండు.
తెల్లారి మళ్ల.
ఆ తెల్లారి మళ్ల.

మూడో వారం నా కండ్లవడ్డది.
కాక తువ్వాల పిండుతుంటే
బాపు ఎడమచెయ్యి మెత్త కిందికి పోయింది.
పదిరూపాయల నోటు.
వణుక్కుంట, పాక్కుంట
పట్టె మీది అంగీ జేబుల దూరింది.

నాకు నవ్వొచ్చింది.
"ఉత్తగ తీస్కోండ్రి, చేతులు చాపుండ్రి" అని
ముప్పై ఏండ్లు మైకు పగిలేటట్టు చెప్పిన మనిషి.
చాపనీకె ఒక్క చెయ్యే మిగిలితే
అది బాకీ కట్టబట్టె.
ఆ రాత్రి బాపు మొఖం చూసినంక
నవ్వు రాలే.
తీసుకునుడు ఇంత బరువని
ఏ ఆదివారమూ చెప్పలే నాకు.

ఒకనాడు ఉండబట్టలేక కాకనే అడిగిన.
"ఈ స్నానాలన్నీ నీ క్రియల ఖాతల
ఎక్కుతున్నయా కాకా?"
"ఏ ఖాత బిడ్డా?"
నిజంగనే సమజ్ గాలే ఆయనకు.
"నీళ్లు సల్లారుతున్నయ్,
సబ్బు తే."

పద్నాలుగు నెలలు నడిచింది.
సమాధి మీద మూడు పిడికిళ్ల మన్నేసి
కాక వంగి మెల్లగ అన్నడు,
"ఇగ నీకు తెలిసే ఉంటది గద బావా.
ఎవలిది కరెక్టు?
చెప్పి పోరాదు."
ప్రార్థన చేసే పాస్టరు
ఒక్క నిమిషం ఆగిండు.

మంచం ఇప్పేటప్పుడు
మెత్త కింద దొరికింది.
నాలుగు వందల స్నానాల బాకీ,
ఒక్కటే నోటు.
పొద్దుమాపు జేబుకు, మెత్తకు తిరిగి తిరిగి
గుడ్డపేలిక లెక్క మెత్తగైంది.
సబ్బు వాసన.
మెత్త సదురుడంటే ఏందో
అప్పుడు ఎరుకైంది.
బాపుకు ఎరుకనో కాదో,
పదిరూపాయలకు ఎన్నడూ
నన్నైతే అడగలే.

ఆదివారం కానుక పెట్టెల ఏద్దామని
కొంగున ముడేసుకొని బయల్దేరిన.
చౌరస్తల నిలబడ్డ.
ఏ గుడి పెట్టెలనో
తేలలే.