తట్ట లెక్క

గుంటూరు బ్రాడీపేటలో అన్నీ లైన్లే.
నాలుగో లైను, ఐదో లైను, వాటి మీద అడ్డరోడ్లు.
నా ఇంట్లోనే ఏ లైనూ లేదు.
గోడల్లోంచి, గాలిలో వెళ్లాలి
పేరేచర్లలో తీసిన పెళ్లి,
అరవై రెండు జీబీలు,
ముందుగదిలో లాప్‌టాప్ నుంచి
వెనకగదిలో మిక్సింగ్ సిస్టమ్‌కి.

నడిస్తే పద్నాలుగు అడుగులు.
ఫైలు మాత్రం మూడు రాత్రులుగా నడుస్తోంది.

మొదటి రాత్రి జీలకర్ర బెల్లం దగ్గర తెగింది.
రెండో రాత్రి కింది వాటాలో ఎవరో
ఓవెన్‌లో పాలు వెచ్చబెట్టుకుంటే తెగింది.
మూడో రాత్రి ఎనభై తొమ్మిది శాతం.
రెండు ముళ్లు పడ్డాయి,
మూడోది పడేలోపు
చుక్కలు గుండ్రంగా తిరిగి తిరిగి
కనెక్షన్ పోయిందంది తెర.
మళ్లీ సున్నా.
మళ్లీ పెళ్లికొడుకు విడిదింట్లో నిద్ర లేస్తున్నాడు.

రౌటర్‌ని తిట్టాను. బిగించిన కుర్రాణ్ని తిట్టాను.
అది ఇనప బీరువా వెనక ఉందని నాకు తెలుసు.
అక్కడ పెట్టించింది నేనే,
కనపడితే బాగోదని.

పొద్దున ఎదురు బిల్డింగుకి స్లాబు.
మిక్సర్ మోతకి తలుపు తీశాను.
మెట్టుకొకరు నిలబడ్డారు,
కాంక్రీటు తట్ట చేయి మారి చేయి మారి పైకి పోతోంది,
ఖాళీది కిందికి దొర్లుతోంది.
మంచినీళ్లకొచ్చిన ఏసురత్నం
నా మొహం చూసి ఏమైందంది.
ఆమెకి అర్థమయ్యేట్టు చెప్పబోతే
నాకూ కొంచెం అర్థమైంది.
సీసా మూత బిగిస్తూ అంది:
"తట్ట జారితే తట్టే నింపుతాం గానీ
పోసిన స్లాబు తవ్వుకుంటామా సారూ?"

ఆ రాత్రి పెళ్లిని తట్టలకెత్తాను.
అర జీబీ చొప్పున నూట ఇరవై నాలుగు ముక్కలు,
ఒక్కోదానికి నంబరు, ఒక్కోదానికి
పొడుగాటి అంకెల తోక.
అవతల దించాక తోక కలిస్తేనే చేరినట్టు.
రౌటర్ బీరువా చాటు వదిలి కిటికీ గూట్లోకొచ్చింది.
ఓవెన్ గోల సోకని ఐదు గిగాహెర్ట్జ్ దారి పట్టింది.
కరెంటు ఆదా పేరుతో మాటిమాటికీ
కునుకు తీస్తున్న వైఫై కార్డుని
పడుకోవద్దన్నాను. నేనూ పడుకోలేదు.

రెండున్నరకి కరెంటు పోయింది.
అలవాటుగా గుండె సున్నాకి జారింది.
వచ్చాక చూస్తే, డెబ్భై ఒకటి దాకా ఉన్నాయి.
డెబ్భై రెండు నుంచి,
ఏమీ జరగనట్టే.

తెల్లారి తోకలు పోల్చాను.
అన్నీ కలిశాయి, తొంభై ఆరు తప్ప.
ఒక్క తట్ట. మళ్లీ పంపాను.
టీ చల్లారేలోపు చేరింది.
అతికించి చూశాను: మూడో ముడి పడింది.
ఎవరో అక్షింతలు కెమెరా మీదే వేశారు.

ఏసురత్నానికి చెబుదామని బాల్కనీలోకొచ్చాను.
ఎదురు స్లాబు మీద కట్టలు కట్టి నీళ్లు నిలిపారు,
మడి మడికీ ఇంత ఆకాశం.
కింద ఆమె మేస్త్రీతో వాదిస్తోంది.
నిన్న మిక్సర్ చెడి ఆగిన రెండు గంటలూ
కూలిలో కోశాడట.
"ఆగింది నీ మిషను. నా చేతులా?
ఆగిన కాడ్నించే మళ్లీ ఎత్తానా, లేదా?"

మేస్త్రీ ఫోన్ చూసుకుంటున్నాడు.

నిన్న పన్నెండు నుంచి రెండు దాకా
మోత ఆగిన మాట నిజం.
ఆ రెండు గంటలే నాకు నిద్ర పట్టింది.
ఆమె మాత్రం గోడ నీడలో
తట్ట బోర్లించుకుని దాని మీద కూచునే ఉంది.

చెప్పులు ఎక్కడ విడిచానో వెతుక్కుంటున్నాను.