జల్లెడ

ఈక్వెడార్ పడమటి కొండల్లో
ఈ అడవిని పచ్చికబయలు చేసింది యుసేబియోనే.
ఆవులు పోయాయి. పాతిన కంచె కర్రలు
చిగుర్లేసి మాన్లయ్యాయి.

ఇప్పుడు రోజుకూలికి మోకాళ్ల మీద కూచుని
రాలిన ఆకుల్ని జల్లెడ పడుతున్నాడు.
మొదటేళ్లలో దిగినవన్నీ
ఎండకోర్చే చీమలు,
రోడ్డు మీదైనా బతికేసే రకం.

ఇరవై ఏడో ఏడు. ఆకు కింద ఆకు,
దాని కింద చెమ్మ, బూజు వాసన.
తెల్లపళ్లెంలో ఒకటి కదిలింది:
నువ్వుగింజంత ఒళ్లు, బార్లా తెరిచిన దవడలు.

"పాత అడవిది," అంది యాదిరా గొంతు తగ్గించి.
"ఇన్నాళ్లూ ఎక్కడుందట?"

ఆమె వాగు అవతలి ఏటవాలు చూపించింది.

ఆ పైకి గొడ్డళ్లు మోయనని
కంచరగాడిద మొరాయించిన రోజు గుర్తొచ్చింది అతనికి.
ఎంత కొట్టాడో దాన్ని.

జల్లెడ నెమ్మదిగా విదిలించాడు.
మిగిలిన ఆకుల్ని తెచ్చిన చోటే పరిచాడు,
తడివైపు కిందికి.