ఎనిమిదో అడుగు

తెరచాప ఎక్కించడం, దించడం
ఒడ్డున నిలబడి చూసేవాళ్ళకి ఒకే పనికి రెండు కొసలు.
తాడు పట్టుకున్నవాళ్ళకి కాదు.
ఎక్కించడానికి బలం చాలు.
దించడానికి దాని దయ కావాలి.

మా పడవ కొయ్య ఇరవై రెండు అడుగులు,
వెన్నుపూసలా దాని వెంట ఇత్తడి పట్టా,
పట్టాలో జారే ఇత్తడి బిళ్ళలు పదకొండు.
కిందనుంచి ఎనిమిదో అడుగు దగ్గర
ప్రతిసారీ ఒక బిళ్ళ మొరాయించేది,
బడి గుమ్మం పట్టుకున్న పిల్లాడిలా.
కొవ్వొత్తి రుద్దాను, ఆముదం పూశాను,
కుట్టుమిషను నూనె, బట్టల సబ్బు,
తిట్లు.
తిట్లకి ఒకటి రెండుసార్లు దిగింది కూడా.

మొన్న వైశాఖంలో
సీతానగరం కొండ వెనకనుంచి చెప్పాపెట్టకుండా గాలి లేచింది.
బ్యారేజీ గేట్లు మూసే ఉన్నాయి, నాకు తెలుసు.
తెలిసినంత మాత్రాన గుండె ఊరుకుంటుందా.
సగం దిగి ఆగిన గుడ్డ చెంపలు వాయించుకుంటోంది,
పడవ అటే పోతోంది,
నా ఎడమ భుజం పట్టేసింది, పైకి లేవదు.
కుడి చేత్తో చెప్పు తీసి
ఆ బిళ్ళని కొట్టాను.
దిగింది.
పున్నమి ఘాట్ చేరాక కొయ్యకి దండం పెట్టుకున్నాను,
చెప్పుతో కొట్టినందుకు.

ఆటోనగర్లో జిలానీ లారీలకి బుష్‌లు తిప్పుతాడు.
నా ఇత్తడి బిళ్ళని అరచేతిలో తూచి, వాసన చూసి,
"ఇత్తడి మీద ఇత్తడి, తోడికోడళ్ళ కాపరం మేడమ్" అన్నాడు.
తెల్లటి నైలాన్ దిమ్మలోంచి పదకొండు కోశాడు,
లేత్ కింద కొబ్బరికోరులా రాలింది తురుము.
పట్టా మాత్రం స్టీలుది, మూడు ముక్కలు.

ముక్కల అతుకు దగ్గర తగువు.
కోటిలింగం రైల్వేలో ముప్పై ఏళ్ళు కీమాన్,
ఇప్పుడు ఘాట్‌లో కాపలా.
"సందు వదలండి. రోహిణికి రోళ్ళే పగిలే బెజవాడ,
ఇనుముకి ఊపిరాడాలి" అంటాడు.
సందుంటే బిళ్ళ తట్టుకుంటుందని జిలానీ.
ఇద్దరూ టీ తాగారు, మాట్లాడుకోకుండా.
గ్లాసు కింద పెట్టి కోటిలింగమే అన్నాడు:
"ఏటవాలుగా కొయ్యి. సందుంటుంది,
దానికి తెలీదు."

పాత పట్టా ఊడదీసినప్పుడు బయటపడింది:
ఎనిమిదో అడుగు దగ్గర రెండు రివెట్లు వంకర,
వాటి కింద మడతపెట్టిన బిస్కట్ డబ్బా రేకు.
ఫోన్ చేశాను తెనాలికి.
"విక్టరూ, ఇది నువ్వు కొట్టిందేనా?"
చాలాసేపు నవ్వాడు.
"ఆ రోజు నా దగ్గర సుత్తి లేదు, ఇటుకతో కొట్టా" అన్నాడు.
"పందొమ్మిదేళ్ళు ఆగిందిగా!"
ఆగింది, నిజమే. రేకూ ఆగింది, తెరచాపా ఆగింది.

కొత్త పట్టా బిగించిన సాయంత్రం
జిలానీని ఎక్కించుకున్నాను.
బెజవాడలోనే పుట్టి నలభై ఏళ్ళు,
కృష్ణని వంతెన మీదనుంచి తప్ప చూడలేదట.
భవానీ ద్వీపం దాటాక గాలికి ఎదురు తిరిగి
తాడు వదిలాను.

అంత తేలిగ్గా దిగుతుందని ఇద్దరం అనుకోలేదు.
పిల్లిలా, చప్పుడు లేకుండా
మొత్తం గుడ్డ వచ్చి జిలానీ నెత్తిన పడింది.
లోపల్నుంచి అతని నవ్వు.
నేను నవ్వలేదు.
ఎనిమిదో అడుగు ఎప్పుడు దాటిందో చూడనే లేదు,
నా కుడి చెయ్యి మాత్రం అప్పటికే
చెప్పు మీదికి వెళ్ళి ఆగి ఉంది.

తెల్లగుడ్డ తొలగించి తల బయటపెట్టి
"ఇంకోసారి ఎక్కించండి మేడమ్" అన్నాడు.
ఎక్కించాను. వదిలాను.
ఏ అవసరమూ లేకుండా
చీకటి పడేదాకా
నాలుగుసార్లు.