పల్లావరం సంతలో చెవులపిల్లులు

లోహిత లెక్కల నోటు వెనక పేజీలో
స్కేలు పెట్టి గీతలు గీసింది.
జాతి, బరువు, బొచ్చు, ఎండకు ఓర్పు, ధర.
శుక్రవారం. బడికి ఏదో సెలవు,
కుట్టు మిషన్లు బాగుచేసే నా కొట్టుకి
అరపూట ఎగనామం.

తుప్పు పట్టిన ఫ్యాన్లూ, ఒంటి చెప్పులూ,
ఎవరి పెళ్ళివో తెలియని కేసెట్లూ దాటితే
వంతెన నీడలో బోనులు.

హాలండ్ లాప్ చెవులు వేలాడుతున్నాయి
తిట్లు తిన్న పిల్లాడి చేతుల్లా.
రెండు కిలోల లోపు, పెద్దగా గెంతదు,
అద్దె ఇంటికి సరిపడే స్వభావం.
ధర విని దగ్గాను.
"దగ్గుకి గడి లేదు నాన్నా," అంది.

నెదర్లాండ్ డ్వార్ఫ్ దోసిట్లో ఇమిడిపోయింది.
కిలో ఉందో లేదో, గుండె మాత్రం
బెల్టు జారిన మిషన్‌లా కొట్టుకుంటోంది.
బెదురు జాస్తి, పిల్లలున్న ఇంటికి వద్దన్నాడు దురైకణ్ణు
పిల్లని చూసి, మళ్ళీ నన్ను చూసి.

అంగోరాని చూస్తే నాకు చెమట పట్టింది.
కర్తరి ఎండల్లో, మేడ మీద రేకుల గదిలోకి
స్వెటర్ తొడుక్కుని పుట్టిన ప్రాణాన్ని
ఏ మొహం పెట్టుకుని పిలుస్తాం?
పైగా రోజూ దువ్వాలట.
మా ఇంట్లో రోజూ దువ్వెన పట్టేది ఒక్కరే,
ఆవిడకి తీరిక లేదు.
లోహిత ఓర్పు గడిలో పెద్ద సున్నా చుట్టి
సున్నాకి రెండు చెవులు పెట్టింది.

న్యూజిలాండ్ వైట్. నాలుగైదు కిలోలు, ఎర్ర కళ్ళు,
తిండికి పేచీ లేదు, అన్నిటికంటే చవక.
"పెంచుకోడానికా, కూరకా?"
తమిళంలో అడిగాడు దురైకణ్ణు,
సంచి కావాలా అన్నంత మామూలుగా.
ఇక్కడ పుట్టిన పిల్లకి
నేను మార్చి చెప్పక్కర్లేదు.
పెన్సిల్ కాసేపు కదల్లేదు.

అడుగు బోనులో ఇంకోటి ఉంది.
తడి సిమెంటు రంగు, ఒక చెవి నిలువు, ఒకటి వాలు.
ఏ జాతి అంటే నవ్వాడు.
తల్లి తెల్లది, తండ్రెవరో బోనుకే తెలియాలట.
వెనక కుడికాలు లేదు.
పసిప్పుడు తీగల్లో ఇరుక్కుందట.
"దానికి ధరేంటి సార్, గడ్డి డబ్బులిచ్చి పట్టుకుపో."

నోటులో జాతి గడి తెల్లగా ఉంది.
బడిలో చేర్చిన రోజు ఫారంలో
అలాంటి గడి ఒకటి నేనే నింపాను,
తను చదవకుండా చెయ్యి అడ్డం పెట్టి.
ఇప్పుడు తను వంగి గుండ్రంగా రాసింది:
బాబిన్.
"అది జాతి కాదమ్మా, పేరు."
"ఆ గడే ఖాళీగా ఉంది మరి."

అట్టపెట్టెకి మూడు కన్నాలు పొడిచి
బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాం.
కండక్టరు చూడనట్టు చూశాడు.

పన్నెండేళ్ళుగా, నాతో వాదన తెగనప్పుడల్లా
హైమ దగ్గర ఒకటే సామెత:
నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.
తలుపు తీసింది. పెట్టెలోకి వంగింది.
ఒకటి, రెండు, పెదవులు కదిలాయి.
మూడు దగ్గర ఆగి
నా వైపు తిరిగింది.
నేనేమీ అనలేదు, ఒట్టు.

బాబిన్ కుడిపక్కకి కొంచెం ఒరిగి,
ఒరిగిన చోటల్లా సర్దుకుని,
రిపేరుకొచ్చిన పాత మిషన్ కింద
చల్లటి ఇనప పెడల్ వెతుక్కుని పడుకుంది.
ఎండకు ఓర్పు: చూడాలి, అని రాసింది లోహిత.

హైమ కొత్తిమీర కాడలు పట్టుకొచ్చింది.
రేపు దేనికో ఒకదానికి
మేం పోట్లాడుకోక తప్పదు.
అప్పుడేమంటుందో పాపం.